కేబుల్‌కి ఒక అడ్రస్, వైఫైకి ఇంకో అడ్రస్: ఇంటి నెట్‌వర్క్ రెండుగా చీలితే ఏం చేయాలి

నెట్ బాగానే వస్తుంటుంది. వీడియోలు ఆడతాయి, మెయిల్స్ తెరుచుకుంటాయి. కానీ ఫోన్ నుంచి ప్రింట్ ఇద్దామంటే ప్రింటర్ కనబడదు. పక్క గదిలోని కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్ లాప్‌టాప్‌లో తెరుచుకోదు. ఫోన్‌లోని ఫొటోలు టీవీలో చూపిద్దామంటే లిస్టులో టీవీ పేరే ఉండదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే, కేబుల్ పెట్టిన కంప్యూటర్‌కి 192.168.1.15 అని, వైఫైలో ఉన్న ఫోన్‌కి 192.168.0.104 అని కనిపిస్తుంది.

ఈ దశలో చాలామంది ప్రింటర్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు, ఫైర్‌వాల్ ఆపేస్తారు, చివరికి విసుగెత్తి రౌటర్ వెనకున్న రీసెట్ బటన్ నొక్కేస్తారు. దయచేసి ఆ బటన్ జోలికి వెళ్లకండి. నెట్ కనెక్షన్‌కి సంబంధించిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఆ రౌటర్‌లోనే ఉంటే అవి చెరిగిపోతాయి, ఉన్న నెట్ కూడా పోతుంది. అసలు సమస్య మాత్రం అక్కడే ఉంటుంది. ఎందుకంటే కొత్తగా పెట్టెలోంచి తీసిన రౌటర్ దాదాపు ఏదైనా సరే, అడ్రస్‌లు పంచే పని ఆన్ అయ్యే వస్తుంది.

జరిగేది ఇది. కేబులా, వైఫైయా అన్నదాన్ని బట్టి అడ్రస్ వరుస మారదు. మామూలు ఇంటి రౌటర్ తన కేబుల్ పోర్టులకీ, తన వైఫైకీ ఒకే వరుసలోంచి అడ్రస్‌లు ఇస్తుంది. రెండు వరుసలు కనిపిస్తున్నాయంటే, ఎక్కువ సందర్భాల్లో ఇంట్లో అడ్రస్‌లు పంచే పెట్టెలు, అంటే రౌటర్ లాంటివి, రెండు ఉన్నాయని అర్థం. ఆ రెండూ ఏవో పట్టుకుని, ఒకదాన్ని ఆ పని నుంచి తప్పిస్తే చాలు. డ్రైవర్లనీ ఫైర్‌వాల్‌నీ కదిలించాల్సిన అవసరం రాదు.

ముందు: తేడా నిజంగా తేడానేనా?

192.168.1.15 లాంటి అడ్రస్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు ఉంటాయి. దాని పక్కనే సబ్‌నెట్ మాస్క్ అని ఇంకో వరుస కనిపిస్తుంది. ఇళ్లలో ఎక్కువగా ఉండే మాస్క్ 255.255.255.0. ఈ మాస్క్ ఉన్నప్పుడు మొదటి మూడు అంకెల్ని వీధి పేరు అనుకోండి, నాలుగోదాన్ని ఇంటి నంబర్ అనుకోండి. ఇంటి నంబర్ ఒక్కో పరికరానికి వేరుగా ఉండాల్సిందే. వీధి పేరు మాత్రం అన్నిటికీ ఒకటే కావాలి. 192.168.1.15, 192.168.1.104 పక్కపక్క ఇళ్లే. 192.168.1.15, 192.168.0.15 మాత్రం వేరే వీధులు.

మాస్క్ చూడకుండా నిర్ణయానికి రావద్దు. కొన్ని మెష్ వైఫై సెట్లు (ఇల్లంతా వైఫై అందేలా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెలు) 255.255.252.0 అనే మాస్క్ వాడతాయి. ఆ మాస్క్‌తో 192.168.4.0 నుంచి 192.168.7.255 దాకా అంతా ఒకే నెట్‌వర్క్. అప్పుడు 192.168.4.20, 192.168.6.31 అని కనిపించినా తప్పేమీ లేదు, అక్కడ సరిచేయాల్సిందీ లేదు.

ఒకే లాప్‌టాప్‌కి కేబుల్ పెడితే 192.168.1.20, వైఫైలో ఉంటే 192.168.1.33 రావడం కూడా మామూలే. కేబుల్ పోర్టుకి ఒక మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పెట్టే గుర్తింపు నంబర్), వైఫై చిప్‌కి ఇంకో మ్యాక్ అడ్రస్ ఉంటాయి. రౌటర్ లెక్కలో అవి రెండు వేరే పరికరాలు, కాబట్టి రెండు అడ్రస్‌లు ఇస్తుంది. రెండూ ఒకేసారి కలిపి ఉంచినా ఇబ్బంది లేదు, విండోస్ సాధారణంగా కేబుల్ దారినే ముందు వాడుకుంటుంది.

కంప్యూటర్‌లో ఇంకొన్ని అడ్రస్‌లు కూడా కనిపించి అయోమయపెడతాయి. వర్చువల్‌బాక్స్ ఉంటే 192.168.56తో మొదలయ్యేది, డాకర్ ఉంటే 172.17తో మొదలయ్యేది, వీపీఎన్ ఆన్‌లో ఉంటే చాలాసార్లు 10తో మొదలయ్యేది ఒకటి కనిపిస్తుంది. ఇవేవీ రౌటర్ ఇచ్చినవి కావు. పరీక్ష చేసేంతసేపూ వీపీఎన్ ఆపేయండి, మిగతావాటిని పట్టించుకోకండి. ఎఫ్ఈ80తో మొదలయ్యే పొడవాటి అడ్రస్ ఐపీవీ6కి చెందినది, పరికరం తనకు తానే పెట్టుకునేది. దాన్నీ వదిలేయండి.

ఇక 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే అది వేరే కథ. "నాకు అడ్రస్ ఇవ్వమని అడిగాను, ఎవరూ పలకలేదు, అందుకే నాకు నేనే ఒకటి పెట్టుకున్నాను" అని ఆ పరికరం చెబుతోందన్నమాట. అక్కడ సమస్య పంచే పెట్టెలు రెండు ఉండటం కాదు, ఒక్కటీ అందకపోవడం. కేబుల్ సరిగా కూర్చుందా, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ (ఒక కేబుల్‌ని చాలా పోర్టులుగా చేసే పెట్టె) ఉంటే దానికి కరెంట్ ఉందా, రౌటర్‌లో ఇంకో పోర్ట్ పనిచేస్తుందా అని చూడండి. అవన్నీ బాగుంటే రౌటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆఫ్ అయి ఉండొచ్చు.

అడ్రస్ ఎవరిచ్చారో కనుక్కోవడం

అడ్రస్‌లు పంచే పనికి పెట్టిన పేరే డీహెచ్‌సీపీ. ప్రతి పరికరం నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకో అడ్రస్ కావాలి" అని అందరికీ వినబడేలా అడుగుతుంది. పలికిన పెట్టె అడ్రస్‌తో పాటు మాస్క్, గేట్‌వే (బయటి నెట్‌కి దారి చూపే రౌటర్ అడ్రస్), డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లకి అడ్రస్ చెప్పే సర్వర్) కూడా ఇచ్చి, ఇంత సమయం వాడుకోమని గడువు పెడుతుంది. మన పని ఆ పలికిన పెట్టె ఏదో తెలుసుకోవడం.

ఒక కాగితం తీసుకోండి. కేబుల్‌తో ఉన్న పరికరం ఒకటి, వైఫైలో ఉన్నది ఒకటి, మొండికేస్తున్న ప్రింటరో టీవీయో ఒకటి, ఈ మూడింటికీ అడ్రస్, మాస్క్, గేట్‌వే రాసుకోండి. మొత్తం పనిలో ఎక్కువ ఉపయోగపడేది ఈ కాగితమే. ఇది లేకుండా సెట్టింగ్స్ మార్చడం మొదలుపెడితే మధ్యలో ఎక్కడున్నామో మనకే తెలియకుండా పోతుంది.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీ, కాన్ఫిగ్ అనే రెండు మాటల్ని ఇంగ్లిష్‌లో కలిపి ఒకే మాటగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఆల్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఈథర్‌నెట్ అని ఒక భాగం, వైఫై అని ఇంకో భాగం కనిపిస్తాయి. వాటిలో డీఫాల్ట్ గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్ అనే రెండు వరుసలు ముఖ్యం. ఆ అడ్రస్ ఎవరిచ్చారో రెండోది నేరుగా చెప్పేస్తుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, వైఫై, కలిపి ఉన్న నెట్‌వర్క్ పక్కనున్న ఐ గుర్తు నొక్కితే రౌటర్ అనే వరుస ఉంటుంది, అదే గేట్‌వే. ఆపిల్ కంప్యూటర్లలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీటెయిల్స్ నొక్కి, టీసీపీ ఐపీ భాగంలో చూడండి. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే నెట్‌వర్క్ వివరాల్లో ఉంటుంది, ఫోన్ కంపెనీని బట్టి మెనూ కాస్త మారుతుంది. ప్రింటర్ అయితే దాని చిన్న స్క్రీన్‌లో నెట్‌వర్క్ మెనూలోకి వెళ్లాలి. స్క్రీన్ లేనివాటిలో చాలావాటికి నెట్‌వర్క్ వివరాలు కాగితం మీద ప్రింట్ చేసే వీలుంటుంది.

ఇప్పుడు కాగితం చూడండి. ఒక పరికరానికి గేట్‌వే 192.168.1.1, ఇంకోదానికి 192.168.0.1 అని ఉంటే, ఆ రెండు అడ్రస్‌లూ రెండు పెట్టెలవి. బ్రౌజర్‌లో ఒక్కోదాన్నీ టైప్ చేసి తెరవండి. లాగిన్ పేజీ మీద కంపెనీ పేరో మోడల్ నంబరో కనిపిస్తుంది, దాన్ని బట్టి ఏది ఏ పెట్టెదో తేలిపోతుంది. ఒక్కో పేజీ తెరవడానికి ఆ పెట్టె కిందున్న పరికరం నుంచే ప్రయత్నించండి, అవతలి పక్క నుంచి ఒక్కోసారి తెరుచుకోదు.

రెండో పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందని ఆశ్చర్యపడక్కర్లేదు. నెట్ కనెక్షన్ ఇచ్చినప్పుడు గోడకి బిగించే ఫైబర్ పెట్టె ఈ రోజుల్లో ఉత్త మోడెమ్ కాదు, అది కూడా రౌటరే. దానికి వైఫై సరిగా అందడం లేదని మనం మంచి రౌటరో మెష్ సెట్టో కొని దాని వెనక తగిలిస్తాం. కంప్యూటర్ కేబుల్ మాత్రం పాత పెట్టెలోనే ఉండిపోతుంది. ఫోన్లు కొత్త వైఫైకి వెళ్లిపోతాయి. అక్కడితో ఇల్లు రెండు నెట్‌వర్క్‌లవుతుంది. ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికి ఎవరైనా వాడుకోవచ్చని 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం మూడు వరుసలు కేటాయించింది: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. అందులోంచి ఒక్కో కంపెనీ తనకు నచ్చిన ముక్క తీసుకుంటుంది. గూగుల్ వైఫై అయితే 192.168.86తో వస్తుంది, చాలా రౌటర్లు 192.168.0తో గానీ 192.168.1తో గానీ వస్తాయి. రెండో రౌటర్ తన బయటి వైపు కూడా అదే వరుస ఉందని గమనిస్తే, గొడవ రాకుండా లోపలి వరుసను తనంతట తానే మార్చుకునే మోడల్స్ కూడా ఉన్నాయి.

ఏది ముందు, ఏది వెనక

రెండు పెట్టెలు తేలాక, అవి ఎలా తగిలించి ఉన్నాయో చూడాలి. కేబుల్ పట్టుకుని వెళ్లండి. రెండో రౌటర్‌లో ఆ కేబుల్ వ్యాన్ లేదా ఇంటర్నెట్ అని రాసిన, తరచుగా వేరే రంగులో ఉండే పోర్టులో ఉందా, ల్యాన్ (ఇంట్లో పరికరాల కోసం ఉన్న) పోర్టులో ఉందా?

వ్యాన్ పోర్టులో ఉంటే, రెండో రౌటర్ మొదటిదాని వెనక ఇంకో నెట్‌వర్క్ కట్టింది. దీన్నే డబుల్ నాట్ అంటారు. నిర్ధారణకి రెండో రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అక్కడ 192.168.1తో మొదలయ్యే అడ్రస్ ఉంటే అది మొదటి పెట్టె ఇచ్చినదే. ఇంకో పరీక్ష కూడా ఉంది. వైఫైలో ఉన్న విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ట్రేస్ అనే ఇంగ్లిష్ మాట చివర ఆర్, టీ అక్షరాలు కలిపి, ఒక ఖాళీ వదిలి 8.8.8.8 అని కొట్టండి. వచ్చే జాబితాలో మొదటి వరుస 192.168.0.1, రెండోది 192.168.1.1 అయితే మీ డేటా రెండు రౌటర్లు దాటుతోందని కళ్లముందే కనబడుతుంది. తర్వాతి వరుసల్లో 100.64 నుంచి 100.127 మధ్య అడ్రస్‌లు కనిపించినా కంగారు వద్దు. ఒకే బయటి అడ్రస్‌ని చాలామంది కస్టమర్లకు పంచడానికి నెట్ కంపెనీలు వాడే వరుస అది, మీ ఇంట్లో సమస్యతో దానికి సంబంధం లేదు.

ఈ అమరికలో ఒక వింత ఉంది, అది తెలియక చాలామంది తప్పు దారి పడతారు. లోపలి వైపు ఉన్న పరికరం, అంటే రెండో రౌటర్ కింద ఉన్నది, బయటి వైపు ఉన్నదాన్ని నేరుగా అడ్రస్‌తో పిలిస్తే అందుతుంది. వైఫై లాప్‌టాప్‌లో ప్రింటర్‌ని 192.168.1.40 అని చేత్తో ఇచ్చి కలిపితే ప్రింట్ వచ్చేస్తుంది. కానీ కేబుల్ కంప్యూటర్ నుంచి ఫోన్‌ని పిలిస్తే పలకదు. ఎందుకంటే రెండో రౌటర్ బయటి నుంచి వచ్చే పిలుపుల్ని ఇంటర్నెట్ నుంచి వచ్చినవాటిలాగే అడ్డుకుంటుంది. ఇక పరికరాలు ఒకదాన్నొకటి తమంతట తామే గుర్తుపట్టుకునే పద్ధతి అయితే రెండు వైపులా పనిచేయదు. ప్రింటర్లు, టీవీలు, స్పీకర్లు 224.0.0.251 లాంటి మల్టీకాస్ట్ అడ్రస్‌లకు "నేనిక్కడున్నా" అని కేకేస్తాయి. ఆ కేక ఆ వీధి దాటి వెళ్లదు. ప్రింట్ ఒక్కోసారి వస్తుంది, లిస్టులో మాత్రం ప్రింటర్ కనబడదు అనే ఫిర్యాదుకి మూలం ఇదే.

కేబుల్ ల్యాన్ నుంచి ల్యాన్‌కి ఉంటే పరిస్థితి ఇంకా చిరాకు పెడుతుంది. రెండు పెట్టెలూ ఒకే తీగ మీద అడ్రస్‌లు పంచుతుంటాయి, సాధారణంగా ముందు పలికినదాని అడ్రస్ నిలుస్తుంది. అందుకే ఒకే ఫోన్‌కి ఉదయం ఒక వరుస, సాయంత్రం ఇంకో వరుస వస్తుంది. పైగా రెండో రౌటర్ అడ్రస్ తీసుకున్న పరికరానికి నెట్టే రాదు, ఎందుకంటే దాని గేట్‌వే అయిన రెండో రౌటర్ వ్యాన్ పోర్ట్ ఖాళీగా ఉంది. "రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు" అన్నమాట వింటే ముందు దీన్నే అనుమానించండి.

సరిచేయడం: తేలిక దారి

కేబుల్ పరికరాలు ఒకటో రెండో ఉండి, అన్నీ కొత్త రౌటర్‌కి అందే దూరంలో ఉంటే, ఏ సెట్టింగూ మార్చాల్సిన పనిలేదు. వాటి కేబుళ్లు పాత పెట్టెలోంచి తీసి కొత్త రౌటర్ ల్యాన్ పోర్టుల్లో పెట్టండి. పోర్టులు చాలకపోతే ఒక మామూలు స్విచ్ తెచ్చి కొత్త రౌటర్‌కి తగిలించి, అన్నీ ఆ స్విచ్‌లో పెట్టండి. స్విచ్ అడ్రస్‌లు పంచదు, కాబట్టి దానితో ఏ గొడవా రాదు. పాత పెట్టె వైఫై ఆపేయండి, లేకపోతే ఫోన్లు ఎప్పుడో ఒకసారి దానికి జారిపోతాయి.

డబుల్ నాట్ ఇంకా ఉంటుంది, కానీ ఇంట్లోవన్నీ ఒకే వీధిలోకి వచ్చేశాయి కదా, ప్రింటర్, టీవీ, ఫైల్ షేరింగ్ అన్నీ పనిచేస్తాయి. బయటి నుంచి ఇంట్లో కెమెరా చూడటం, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపుల్ని ఇంట్లో ఒక పరికరానికి పంపడం), కొన్ని ఆన్‌లైన్ గేమ్‌లు, ఇలాంటివి లేనివాళ్లకు ఇది చాలు. నా సలహా అడిగితే, ముందు ఇదే ప్రయత్నించండి. ఐదు నిమిషాల పని, తేడా వస్తే కేబుల్ మళ్లీ పాత చోట పెట్టేయొచ్చు.

రెండో దారి: కొత్త రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చడం

ఇల్లంతా కేబుళ్లు లాగి అవన్నీ మొదటి పెట్టెకే చేరినప్పుడు, వాటిని కదిలించలేం. అప్పుడు రెండో రౌటర్ చేత అడ్రస్‌లు పంచే పని మాన్పించి, వైఫై ఇవ్వడానికి మాత్రమే వాడుకోవాలి.

ముందు దాని సెట్టింగ్స్‌లో ఆపరేషన్ మోడ్, యాక్సెస్ పాయింట్ మోడ్, ఏపీ మోడ్, బ్రిడ్జ్ మోడ్ లాంటి పేరు ఉందేమో వెతకండి. మెష్ సెట్లకైతే అది వాటి యాప్‌లో ఉంటుంది. ఉంటే దాన్ని ఎంచుకుని సేవ్ చేయండి, అంతే. ఈ మోడ్‌లో కేబుల్‌ని సాధారణంగా వ్యాన్ పోర్టులోనే ఉంచొచ్చు. మోడ్ మారాక దాని పాత లాగిన్ అడ్రస్ పనిచేయదు, భయపడకండి. ఇప్పుడు దానికీ మొదటి పెట్టే అడ్రస్ ఇస్తుంది. మొదటి పెట్టెలో కనెక్టెడ్ డివైసెస్ జాబితా తెరిస్తే అక్కడ దొరుకుతుంది.

ఆ మోడ్ లేని పాత రౌటర్ అయినా ఇబ్బంది లేదు, చేత్తో చేసుకోవచ్చు. కానీ వరుస తప్పకూడదు:

1. మొదటి పెట్టె డీహెచ్‌సీపీ పేజీలో అది ఏ అడ్రస్‌ నుంచి ఏ అడ్రస్‌ దాకా పంచుతోందో చూడండి. ఉదాహరణకి 192.168.1.100 నుంచి 192.168.1.199 దాకా అనుకుందాం. దాని సొంత అడ్రస్ 192.168.1.1.
2. రెండో రౌటర్‌ని మొదటిదాన్నుంచి విడదీయండి. లాప్‌టాప్ వైఫై ఆపి, కేబుల్‌తో రెండో రౌటర్ ల్యాన్ పోర్టుకి కలపండి.
3. దాని ల్యాన్ ఐపీని 192.168.1.2గా మార్చండి. మొదటి పెట్టె వీధిలోనే ఉండాలి, అది పంచే పరిధిలో మాత్రం ఉండకూడదు, ఇంకే పరికరం వాడుతున్న అడ్రస్ అయి ఉండకూడదు. మాస్క్ 255.255.255.0 అలాగే ఉంచండి. సేవ్ చేశాక రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. కేబుల్ ఒకసారి తీసి పెట్టి 192.168.1.2తో మళ్లీ లాగిన్ అవ్వండి.
4. ఇప్పుడు డీహెచ్‌సీపీ సర్వర్ ఆఫ్ చేసి సేవ్ చేయండి.
5. వైఫై పేరు, పాస్‌వర్డ్ సరిచూసుకోండి. మొదటి పెట్టె వైఫై కూడా ఉంచుకోవాలనుకుంటే రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టి, చానెళ్లు మాత్రం వేరుగా ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో అయితే 1, 6, 11లలో ఒక్కోదానికి ఒకటి.
6. మొదటి పెట్టె ల్యాన్ పోర్ట్ నుంచి వచ్చే కేబుల్‌ని రెండో రౌటర్ ల్యాన్ పోర్టులో పెట్టండి. వ్యాన్ పోర్ట్ ఖాళీగా వదిలేయండి.

మూడు, నాలుగు అంచెలు తారుమారు చేస్తే ఏమవుతుందంటే, ముందే డీహెచ్‌సీపీ ఆపేయడంతో కేబుల్ తీసి పెట్టగానే లాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చే దిక్కుండదు, లాగిన్ పేజీ తెరుచుకోదు. అలా జరిగితే లాప్‌టాప్‌కి తాత్కాలికంగా ఆ రౌటర్ వరుసలో, 192.168.0.50 లాంటి అడ్రస్ చేత్తో ఇచ్చి లోపలికి వెళ్లొచ్చు. పని అయ్యాక దాన్ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చడం గుర్తుంచుకోండి. ఇలా మిగిలిపోయిన అడ్రస్‌లే కొన్ని నెలల తర్వాత ఇంకో సమస్యగా తిరిగొస్తాయి.

ఇంకో జాగ్రత్త: రెండు పెట్టెల మధ్య ఒక్క కేబులే ఉండాలి. స్పీడ్ పెరుగుతుందని రెండో కేబుల్ కూడా పెడితే డేటా గుండ్రంగా తిరిగి నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతుంది.

ఈ దారిలో వెళితే రెండో రౌటర్‌లో ఉన్న పేరెంటల్ కంట్రోల్, పోర్ట్ ఫార్వర్డింగ్ లాంటివి చాలావరకు పనిచేయడం మానేస్తాయి. పిల్లల ఫోన్లకు సమయం పరిమితి పెట్టి ఉంటే ముందే చూసుకోండి.

మూడో దారి: నెట్ కంపెనీ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడం

ఇది శుభ్రమైన పరిష్కారం, కానీ తొందరపడి చేయకూడదు. బ్రిడ్జ్ మోడ్‌లో మొదటి పెట్టె రౌటర్ పని మానేసి సిగ్నల్ అందించడం వరకే చేస్తుంది, అడ్రస్‌లన్నీ మీ రౌటరే పంచుతుంది. డబుల్ నాట్ పోతుంది. అయితే అప్పటిదాకా ఆ పెట్టెలో ఉన్న లాగిన్ వివరాలు ఇప్పుడు మీ రౌటర్‌లో ఇవ్వాలి. కనెక్షన్ పీపీపీఓఈ రకమైతే (లాగిన్ అయితేనే నెట్ వచ్చే రకం) యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కావాలి, కొన్నిచోట్ల వీల్యాన్ ఐడీ అనే నంబర్ కూడా కావాలి. ఇవి చేతిలో లేకుండా మోడ్ మారిస్తే నెట్ ఆగిపోతుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి వివరాలు రాయించుకుని, ఆ పెట్టె మీద ల్యాండ్‌లైన్ ఫోన్, టీవీ సర్వీస్ నడుస్తుంటే అవి ఆగకుండా ఎలా చేయాలో కూడా అడిగి, అప్పుడు మొదలుపెట్టండి. కొన్ని కంపెనీలు ఈ మార్పు వాళ్ల వైపు నుంచే చేస్తాయి.

మోడ్ మారాక పాత పెట్టె మిగతా పోర్టుల్లో ఉన్న కంప్యూటర్లకు సాధారణంగా నెట్ రాదు. వాటి కేబుళ్లన్నీ మీ రౌటర్‌కి గానీ దాని స్విచ్‌కి గానీ మార్చాల్సిందే. కాబట్టి కేబుళ్లు కదిలించలేని ఇంటికి ఈ దారి పనికిరాదు.

మార్చాక పాత అడ్రస్ వదలకపోతే

పరికరాలు తమకిచ్చిన గడువు దాకా పాత అడ్రస్ పట్టుకునే ఉండొచ్చు. చాలా రౌటర్లలో గడువు 24 గంటలు ఉంటుంది. అంతసేపు ఆగక్కర్లేదు. ఫోన్‌లో వైఫై ఆపి మళ్లీ పెట్టండి, కేబుల్ తీసి పది సెకన్లు ఆగి పెట్టండి, ప్రింటర్, టీవీ స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. విండోస్‌లో ముందు కొట్టిన కమాండ్‌లోనే ఆల్ బదులు రిలీజ్ అని, తర్వాత రెన్యూ అని కొడితే పాతది వదిలి కొత్తది తెచ్చుకుంటుంది.

అందరూ మారి ఒక్క పరికరమే పాత వరుసలో మొండిగా నిలబడితే, దానికి ఎవరో చేత్తో అడ్రస్ పెట్టి ఉంటారు. ప్రింటర్లు, కెమెరాల్లో ఇది మరీ ఎక్కువ. దాని నెట్‌వర్క్ మెనూలో మాన్యువల్ అనో స్టాటిక్ అనో ఉన్నదాన్ని ఆటోమేటిక్ లేదా డీహెచ్‌సీపీకి మార్చండి. ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే అడ్రస్ కావాలంటే, ప్రింటర్‌లో పెట్టే కంటే రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ పెట్టడం మేలు. అప్పుడు ఎవరికి ఏ అడ్రస్ అన్నది ఒక్కచోటే రాసి ఉంటుంది. కంప్యూటర్లలో పాత అడ్రస్‌తో కలిపిన ప్రింటర్‌ని మాత్రం తీసేసి మళ్లీ కలపాలి.

రిజర్వేషన్ పెట్టేటప్పుడు పరికరం ఏ దారిలో కలుస్తుందో ఆ దారి మ్యాక్ అడ్రస్ ఇవ్వండి. వైఫై మ్యాక్‌కి పెట్టి కేబుల్ తగిలిస్తే ఆ రిజర్వేషన్ వర్తించదు. ఫోన్లతో ఇంకో చిక్కు ఉంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైలో అసలు మ్యాక్ బదులు కల్పించిన మ్యాక్ చూపిస్తాయి. ఫోన్‌కి స్థిరమైన అడ్రస్ కావాలంటే, మీ ఇంటి వైఫై వరకు ఆ ప్రైవేట్ అడ్రస్ సెట్టింగ్ ఆపేయండి. బయటి వైఫైలకు అది ఉండటమే మంచిది.

రౌటర్ ఒక్కటే ఉన్నా ఇదే జరుగుతుంటే

ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్ పని అదే, ఇంటి పరికరాల్ని కొత్తవాళ్లకు కనబడకుండా దాచడం. అందుకే చాలా రౌటర్లు దానికి వేరే వరుస ఇస్తాయి. ఫోన్‌ని అసలు వైఫైకి మార్చి, గెస్ట్ నెట్‌వర్క్‌ని ఫోన్ నుంచి ఫర్గెట్ చేయండి.

వీధి ఒకటే, అయినా ఒకదానికొకటి కనబడవు అంటే రౌటర్ వైఫై సెట్టింగ్స్‌లో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ ఆన్‌లో ఉండొచ్చు. అది వైఫై పరికరాలు తమలో తాము మాట్లాడుకోకుండా ఆపుతుంది. దాన్ని ఆఫ్ చేయండి. విండోస్‌లో అయితే నెట్‌వర్క్ రకం పబ్లిక్ అని ఉందేమో కూడా చూసి, ఇంటి నెట్‌వర్క్‌కి ప్రైవేట్ అని మార్చండి. షేర్ చేసిన ఫోల్డర్లు కనబడకపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

వైఫై ఎక్స్‌టెండర్ వాడుతుంటే దాన్ని కూడా అనుమానించండి. కొన్ని మోడళ్లకు రౌటర్ మోడ్ కూడా ఉంటుంది. పొరపాటున అందులో పెట్టి ఉంటే అది కూడా సొంతంగా అడ్రస్‌లు పంచుతుంది.

అన్నీ ఒక వీధిలోకి వచ్చాక మొదట రాసుకున్న కాగితం మీద పాత అంకెలు కొట్టేసి, ఇప్పటి గేట్‌వే అడ్రస్, యాక్సెస్ పాయింట్ అడ్రస్, డీహెచ్‌సీపీ పంచే పరిధి, రిజర్వేషన్ పెట్టిన పరికరాల పేర్లు రాసి రౌటర్ పక్కనే అతికించండి. రేపు ఎవరైనా టెక్నీషియన్ వచ్చి పెట్టె మార్చినా, ఏది ఎందుకు ఆఫ్ చేసి ఉందో అతనికి తెలియాలి.